పెదనాన్న వినని గొంతు

నాకు ముక్కు మీద కోపం. ఆ రోజుల్లో మరీను. శ్రీకాకుళం పోలీసు ఆఫీసులో గుమస్తా అమ్మ పుస్తకం అటూ ఇటూ తిరగేసి "మీ అమ్మ ఇక్కడ ఉండడానికి ఈసారి పొడిగింపు రాలేదమ్మా" అనగానే, బల్ల మీద చెయ్యి వేసి "ఎందుకు రాలేదు?" అని గట్టిగానే అడిగాను. అమ్మ వెనకనుంచి నా ఓణీ కొంగు పట్టుకుని లాగింది. గుమస్తా మాత్రం కోప్పడలేదు. పాపం, మంచివాడే.

అమ్మది బర్మా. పుట్టి పెరిగింది రంగూన్‌లో. ఆ ఊరిని మా వైపు రంగం అంటారు. నాన్నది పాతపట్నం దగ్గర పల్లె. యుద్ధం అయిపోయిన కొత్తలో రంగం వెళ్లి, బియ్యం మిల్లులో పనికి కుదిరి, అక్కడే అమ్మని పెళ్లి చేసుకున్నాడు. తర్వాత ఆ దేశంలో మనవాళ్లకి ఇక చోటు లేదని తేలిపోయాక, అందరితోపాటు మేమూ ఓడ టికెట్లు తీసుకున్నాం. టికెట్లు చేతికొచ్చిన నెలలోపే నాన్న జ్వరంతో ఆసుపత్రిలో పోయాడు. ముగ్గురం ఎక్కవలసిన ఓడ ఇద్దరం ఎక్కి విశాఖపట్నంలో దిగాం. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు.

అది జరిగి అయిదేళ్లు దాటింది. నాన్న ఈ నేల మీద పుట్టినవాడు కనక నా కాయితం సులువుగానే వచ్చింది. అమ్మ మాత్రం పోలీసు ఆఫీసు రిజిస్టరులో విదేశీయురాలిగానే ఉండిపోయింది. ఏడాదికోసారి ఆ చిన్న పుస్తకం పట్టుకుని శ్రీకాకుళం వెళ్లి ముద్ర వేయించుకోవాలి. అక్కడున్నన్నాళ్లూ నాన్న విదేశీయుడు, ఇక్కడికొచ్చాక అమ్మ విదేశీయురాలు. మా ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ పరాయివాళ్లే.

"పౌరసత్వానికి దరఖాస్తు పెట్టండి" అన్నాడు గుమస్తా. "నెలాఖరులోగా అన్ని కాయితాలతో ఇక్కడికి చేరిపోవాల. చేరిపోతే అది తేలేదాకా మీ అమ్మని ఎవరూ కదపరు. చేరకపోతే నా చేతిలో ఏటీ ఉండదు. వచ్చిన దేశానికి ఎల్లిపోవాలని నోటీసు వస్తాది."

"ఈ దేశపు మనిషిని కట్టుకున్న ఆవిడే కదా!"

"ఆయన ఇక్కడికి రాకుండానే పోయాడు కదమ్మా. పుట్టింది ఇక్కడే గానీ, ఆయన ఈ దేశపు పౌరుడని సూపించే కాయితం ఒక్కటీ లేదు మీ దగ్గర. అందుకే ఈ పొడుగాటి దారి."

అమ్మకి అక్కడ ఎవరూ లేరు. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. ఉన్నది నేనొక్కదాన్ని, నన్ను తీసుకుపోవడానికి వీల్లేదు, నేను ఈ దేశపు పిల్లని. బస్సులో వస్తున్నంతసేపూ అమ్మ ఆ పుస్తకాన్ని పమిటలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పైకి మాత్రం "ఏం కాదులే" అంటూ వచ్చాను.

ఆ నెలంతా కాయితాల వెంట తిరగడమే సరిపోయింది. నాన్న పోయినట్టు ఆసుపత్రి రాసిచ్చిన చీటీ బర్మా భాషలో ఉంది. దాన్ని తెలుగు చేసి, ఆ చేసింది సరైనదేనని ఇంకొకరి చేత అనిపించాలి. అయిదేళ్లుగా ఈ ఊళ్లోనే ఉందని మునసబు ఉత్తరం కావాలి. మంచి నడవడి కలదని ఇద్దరు పెద్దమనుషులు ప్రమాణం చెయ్యాలి. ఓడ టికెట్టు ముక్క, రేవులో టీకా వేసినట్టు చీటీ, అన్నీ అమ్మ రంగం నుంచి తెచ్చిన రేకు పెట్టెలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నిటికన్నా కష్టమనిపించింది పత్రికలో వేయించిన ప్రకటన. ఫలానా ఆవిడకి పౌరసత్వం ఇవ్వడానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాసి పంపవలెను అని రెండుసార్లు అచ్చు వేయించాలట. టీ కొట్టు దగ్గర దాన్ని ఒకడు పైకి చదువుతుంటే పదిమంది వింటూ నిలబడ్డారు. ఆ వారమంతా అమ్మ నూతి దగ్గరికి అందరూ వెళ్లి వచ్చేశాకే వెళ్లింది. ఎవరూ ఏమీ రాయలేదు. రాస్తారేమోనని పడ్డ భయం మాత్రం పడనే పడ్డాం.

చివరికి మిగిలింది భాష కాయితం. దరఖాస్తుదారుకి ఈ దేశపు భాష ఒకటి తగినంత వచ్చునని, ఉంటున్న చోటి స్కూలు హెడ్మాస్టరు రాసివ్వాలి. ఆ మాట విని నేను నవ్వేశాను. మా ఊరి స్కూలు హెడ్మాస్టరు మా పెదనాన్నే. నాన్నకి సొంత అన్నయ్య. మేముంటున్నది ఆయన ఇంట్లోనే. అన్నిటికన్నా సులువైన కాయితం కదా అని దాన్ని ఆఖరికి ఉంచాను.

ఇక మిగిలింది అయిదు రోజులు. పెదనాన్న స్కూలునుంచి వచ్చి అరుగు మీద కూర్చోగానే, గుమస్తా రాసిచ్చిన నమూనా, తెల్లకాయితం, కలం పట్టుకెళ్లి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నమూనా చదివాడు. మళ్లీ చదివాడు. కలం మూత పెట్టేశాడు.

"ఇది నేను రాయలేనమ్మా" అన్నాడు.

"ఎందుకని?"

"ఈమె తెలుగులో మాటాడగా నేను స్వయంగా విన్నాను అని ఉంది సూడు. నేను వినలేదు కదా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది.

ఆయన చెప్పింది నిజమే. మా వైపు తమ్ముడి భార్య బావగారి ఎదట పడదు. ఆయన వినేలా మాట్లాడదు. మిగతా ఇళ్లల్లో అప్పటికే అది కొంత సడలింది. గోడవైపు తిరిగో, పిల్లల మీద పెట్టో చెప్పవలసింది చెప్పేసేవారు. అమ్మ అదీ చెయ్యలేదు. మేం వచ్చిన రోజున పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, అమ్మని గదిలోకి తీసుకెళ్లి ఇంటి పద్ధతులన్నీ చెప్పింది. అదే రోజు వాకిట్లో ఎవరో "బర్మాది కదే, దానికి సిగ్గూ బిడియం ఉంటాదేటి" అనడం అమ్మ వింది, నేనూ విన్నాను. ఆ మాటకి పౌరుషం వచ్చి అమ్మ ఈ ఊరి కోడళ్లందరికన్నా గట్టిగా ఆ పద్ధతి పట్టుకుందని నేను అనుకునేదాన్ని. పెదనాన్న అంతకి తక్కువేం తినలేదు. లోపలికి వచ్చేముందు గుమ్మం దగ్గర ఒక దగ్గు దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే అమ్మ మాట ఆపేసి తలుపు వెనక్కి వెళ్లేది. ఆయన భోజనానికి లేవాలంటే గిన్నెకి గరిటె తగిలించి చప్పుడు చేసేది. దగ్గు, గరిటె చప్పుడు. అయిదేళ్లుగా ఒకే ఇంట్లో వాళ్లిద్దరి మధ్య నడిచింది అంతే.

అమ్మకి తెలుగు రాకనా! రంగంలో మా వైపు వాళ్లుండే వీధిలో కాపురం చేసిన మనిషి. ఏటి, సూడు, వస్తాది అంటూ నాకన్నా గడగడా మాట్లాడేది. నూతి దగ్గర అమ్మ నోరు విప్పితే మిగతావాళ్లు బిందెలు దించి వినేవారు.

"ఊరంతా విన్నారు పెదనాన్నా, నువ్వు తప్ప" అన్నాను.

"అయితే ఊరోళ్లు రాయాల."

"హెడ్మాస్టరే రాయాలన్నారు."

"హెడ్మాస్టరు విన్నది రాయాల. విననిది రాయకూడదు."

పెదనాన్న నిజం పిచ్చి మా ఇంటికి కొత్త కాదు. సొంత బావమరిది వచ్చి కొడుకు పుట్టిన తేదీ ఒక్క ఏడాది మార్చమని బతిమాలితే, మజ్జిగ ఇచ్చి పంపించేశాడు. నాన్న ఇల్లు వదిలింది కూడా దీనివల్లే. నాన్నకి పదహారేళ్లప్పుడు పెదనాన్న అప్పుడే మాస్టరుగా చేరాడట. నాన్న బడి ఎగ్గొట్టి శ్రీముఖలింగం వెళ్లి, ఒంట్లో బాగులేదని అబద్ధం చెప్పాడు. పెదనాన్న తరగతిలో అందరి ముందూ లేపి నిలబెట్టి, బెత్తంతో కొట్టి, అబద్ధమాడానని ఒప్పుకోమన్నాడు. నాన్న ఒప్పుకోకపోగా, నోటికొచ్చిన మాటలన్నీ అని, నువ్వు నాకు అన్నవే కావు పొమ్మని వెళ్లిపోయాడు. రంగం నుంచి మా నాయనమ్మకి ఉత్తరాలు వచ్చేవి గానీ, ఆయనకి ఒక్కటి రాలేదు. ఇదంతా పెద్దమ్మ చెప్పింది నాకు. మేం వచ్చిన రోజు పెదనాన్న నన్ను ఒక్కమాటే అడిగాడు, "మీ నాన్నకి ఏమైంది?" అని. నాన్న పోయినప్పుడు నన్ను పక్కింట్లో వదిలారు, నాకు తెలిసింది జ్వరమనే. అదే చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు.

పెద్దమ్మ ఆయన మీద విరుచుకుపడింది. "అయిదేళ్లు ఒకే కప్పు కింద ఉన్నారు. ఒక్క మాటా సెవిన పడలేదంటే ఎవరు నమ్ముతారు?"

"పడకుండానే కదే నేను దగ్గుతన్నాను" అన్నాడాయన.

ఇక నాకు తోచిన ఉపాయం నేను చేశాను. మర్నాడు అమ్మని దొడ్లో కిటికీ కింద కూర్చోబెట్టి గోరుచిక్కుళ్లు ముందేసి, ఓడ మీద మొదటిసారి చీర కట్టుకున్న సంగతి చెప్పమన్నాను. ఈలోగా పెట్టెలో పాత కాయితం వెతకాలని పెదనాన్నని ఆ కిటికీ ఉన్న గదిలోకి రప్పించాను. అమ్మ "అదేటో, కుచ్చిళ్లు ఎన్నిసార్లు పెట్టినా..." అని మొదలెట్టి నవ్విందో లేదో, లోపల్నుంచి దగ్గు వినబడింది. అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. పెదనాన్న బయటికొచ్చి "దొంగసాటుగా విన్నది నేను విన్నట్టు కాదమ్మా. ఆవిడని అలా అవమానించకు" అన్నాడు నాతో. అమ్మ అయితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు పాతపట్నం వెళ్లి అక్కడి హెడ్మాస్టరు కాళ్లా వేళ్లా పడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీ ఇంట్లోనే హెడ్మాస్టరు ఉండగా నేను రాస్తే, ఆయన ఎందుకు రాయలేదని అడుగుతారు. ఉన్నదీ పోతాది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తిరిగొచ్చేసరికి గడువు ఒక్కరోజుకి వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర ఉంటే వెళ్లి నిలబడ్డాను. "ఆయన ఎదట నాలుగు మాటలు మాటాడితే ఏం పోతుంది నీకు?" అన్నాను.

"నేను మాటాడలేనే" అంది.

"ఊళ్లో ఏమనుకుంటారోనని భయమా?"

"కాదు."

"మరేమిటి?"

అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. "అయితే ఎక్కు. ఓడ ఎక్కి వెళ్లిపో. రేవు దాకా వచ్చి చెయ్యి ఊపుతాను" అన్నాను. ఈ వయసులో కూడా ఆ మాట తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది. అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసి, మళ్లీ పొయ్యి వైపు తిరిగిపోయింది.

తెల్లారాక అమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మీ పెదనాన్నని అరుగు మీద కూకోమను. కాయితం, కలం పట్టుకెళ్లు" అంది. శ్రీకాకుళం బస్సుకి ఇంకా గంటన్నర ఉంది.

పెదనాన్న అరుగు మీద వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. అమ్మ వీధి తలుపు ఒక రెక్క మూసి దాని వెనక నిలబడింది. నేను గడప మీద, ఇద్దరికీ మధ్య. ముందుజాగ్రత్తగా మూడో తరగతి వాచకం అమ్మ చేతికిచ్చి ఉంచాను. పెదనాన్న వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "పాటం వద్దు. సదవడం వచ్చునా అని అడగలేదు వాళ్లు."

"మరేం చెప్పమంటావు?" అన్నాను.

ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు. ఎదురింటి వాకిట్లో ఎవరో కళ్లాపి చల్లుతున్నారు. బస్సు పోతుందని నా ప్రాణం కొట్టుకుంటోంది.

"నా తమ్ముడు పోయినప్పుడు దగ్గిర ఉన్నది మీ అమ్మే కదా" అన్నాడు చివరికి. "వాడెలా పోయాడో సెప్పమను."

తలుపు వెనక గాజులు కదిలాయి. అమ్మ మాట్లాడదనే అనుకున్నాను. అంతలో గొంతు వినబడింది.

"ఆసుపత్రిలో మూడు రోజులు ఉన్నారు. జొరం తగ్గనేలేదు. ఆకరి రోజు తెలివిగానే ఉన్నారు. నన్ను దగ్గిరికి రమ్మన్నారు. నువ్వు పిల్లని తీసుకుని మా ఊరు ఎల్లిపో అన్నారు. అక్కడ మా అన్నయ్య ఉంటాడు, ఆయన మిమ్మల్ని వదిలీడు అన్నారు."

పెదనాన్న కలం కింద పెట్టేశాడు.

"ఇంకోటి సెప్పినారు. మా అన్నయ్యని నేను పదిమందిలో అనరాని మాటలు అనీసినాను. ఒక్కపాలి ఎల్లి కాళ్లు పట్టుకోవాలని ఎన్నో యేళ్లు అనుకున్నాను, సిగ్గేసి ఉత్తరం కూడా రాయలేదు అన్నారు. నువ్వు ఎల్లినాక ఆయన ఎదట నోరెత్తకు. మా ఇళ్లల్లో మరేద అదే. నేను సెయ్యలేని మరేద నా బదులు నువ్వు సెయ్యి అన్నారు. సేస్తానని సేతిలో సెయ్యి ఏసినాను." అక్కడ ఆగి అమ్మ పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. "అందుకని మాటాడలేదు. ఊరోళ్లకి బయపడి కాదు. ఇయాల మాటాడీసినాను. నా కూతుర్ని ఒదిలీసి ఎల్లలేక మాటాడీసినాను. ఆయనకిచ్చిన మాట తప్పిపోనాను."

అయిదేళ్లు ఆవిడ పక్కనే పడుకున్నాను, నాకు కూడా చెప్పలేదు. మా అమ్మ పట్టుదల గురించి నేను ఎన్ని వేళాకోళాలు ఆడానో అన్నీ గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోయాను.

పెదనాన్న కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు. ఆయన భుజాలు ఎగసి పడుతున్నాయి. స్కూలంతా గడగడలాడే మనిషి ఏడవడం నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

"తప్పలేదమ్మా" అన్నాడు. నాతో కాదు. తల కొంచెం తలుపు వైపు తిప్పి, కళ్లు నేలకి దించుకుని, అమ్మతోనే అన్నాడు. "నువ్వు మాట తప్పలేదు. సెప్పమని అడిగింది నేను."

తర్వాత కాయితం ముందుకి జరుపుకుని రాశాడు. తప్పులు లేకుండా, కొట్టివేతలు లేకుండా, ఎప్పటిలా గుండ్రటి అక్షరాలతో. సంతకం పెట్టి, తన సంచీలోంచి స్కూలు ముద్ర తీసి వేసి, ఆరేదాకా ఊది నాకిచ్చాడు. మేం బస్సుకి పరిగెత్తాం.

బస్సులో కూర్చున్నాక గానీ నేను అది చదవలేదు. చదివి నెత్తి కొట్టుకున్నాను. "ఈమె మా ఇంట అయిదు సంవత్సరములుగా నివసించుచున్నది. ఈమె తెలుగులో మాట్లాడగా నేను స్వయముగా ఒక్కసారి విన్నాను. ఈమెకు భాష పూర్తిగా వచ్చును" అని ఉంది. ఒక్కసారి! ఆ మాట రాయకపోతే ఈయన సొమ్మేం పోయింది! వెనక్కి వెళ్లి మార్పించడానికి టైము లేదు. మార్పించమన్నా మార్చడు. అమ్మకి చెప్పకుండా కాయితం మడిచి అన్నిటి అడుగునా పెట్టాను.

అడుగున పెడితే మాత్రం చూడకుండా ఉంటారా? గుమస్తా అన్నీ సరిచూసి లోపల అధికారి గదిలోకి తీసుకెళ్లాడు. ఆయన మాట తీరు మా వైపుది కాదు, దక్షిణాది జిల్లాల నుంచి వచ్చినవాడు. ఒక్కొక్కటే పక్కన పెడుతూ వచ్చి, పెదనాన్న కాయితం దగ్గర ఆగాడు.

"ఒకే ఇంట్లో అయిదేళ్లున్నారు. ఒక్కసారే విన్నాడా ఈయన? ఇదేం సర్టిఫికెట్టు?"

నేను ఏదో చెప్పబోయాను. అంతలో అమ్మ నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చింది.

"ఆయన నాకు బావగారు బాబూ. ఆయన ఎదట నేను నోరిప్పుతానేటి? మాది మరేదైన ఇల్లు. ఆయన గుమ్మంలో దగ్గితే నేను తలుపెనక్కి ఎల్లిపోతాను, ఈ అయిదేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. ఇయాల మీ కాయితం కోసం తప్పింది. ఒక్కపాలి కాపోతే ఎన్నిపాల్లు మాటాడమంటారేటి బావగారితోటి? మీ ఇంట్లో మాటాడతారేటి?"

అధికారి అమ్మ వంక చూశాడు. గుమస్తా వంక చూశాడు. గుమస్తా తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. "భాష సంగతి సరే" అన్నాడు అధికారి, చేరినట్టు ముద్ర వేస్తూ.

అమ్మ పౌరసత్వం కాయితం ఆ పై యేడు వేసవిలో వచ్చింది. స్కూలుకి సెలవులు. పోస్టుమేన్ ఇచ్చిన కవరు విప్పి, పెదనాన్న అరుగు మీద నిలబడి, తరగతిలో చదివినట్టు పెద్ద గొంతుతో మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివాడు. వీధిలో ఎవరూ లేరు. ఆ చదివింది తలుపు వెనక మనిషి కోసమని నాకు తెలుసు.

వాళ్లిద్దరూ భాష కాయితం రాసిన ఆ ఉదయం తర్వాత మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆయన పోయేదాకా దగ్గూ, గరిటె చప్పుడే. నేను ఇక దానికి కోప్పడలేదు. ఆ రోజు కూడా ఆయన చదవడం పూర్తి చేసి కాయితం మడిచేసరికి, లోపల గిన్నెకి గరిటె తగిలింది. పెదనాన్న కాళ్లు కడుక్కుని, గుమ్మం దగ్గర ఒక్కసారి దగ్గి, భోజనానికి లోపలికి వెళ్లాడు.